కదలెడి కాపురములు

ఇల్లు స్థిరము, మనిషి చరము అని లోకముయొక్క నమ్మకము. తెలుగులో కాపురము, కాణాచి, ఇల్లువాకిలి అను మాటలన్నియు ఒకచోట వేరూనియుండుటనే సూచించుచున్నవి. ‘మీ కాపురమెక్కడ?’ అని యడిగినచో ఊరిపేరో వీథిపేరో చెప్పుదుము గాని త్రోవపేరు చెప్పుట ఎరుగము. అయినను ఇంటిని వెంటగొని నెలలకొలది త్రోవలో గడపినవారును, జన్మమంతయు త్రోవలోనే గడపినవారును మనలో లేకపోలేదు. చెన్నపట్టణమున తరతరములుగా నిలిచియున్న తెలుగువారి చరిత్ర చెప్పుకొనునప్పుడు మేడలు కట్టినవారిని, సత్రములు కట్టించినవారిని తలచుకొందుము. గుడారములు కట్టి విప్పినవారిని తలచుట అరుదు. ఈ వ్యాసము వారిని గూర్చినది.

ఈ యాలోచనకు నేటికాలపు వింత యొకటి కారణము. అమెరికాదేశమున కొందరు ఉద్యోగము విరమించినపిదప ఉన్న యిల్లమ్మివైచి, గదులుగల మోటారుబండి నొకదానిని కొని, ఏడాది పొడవున అందులోనే వండుకొని, అందులోనే నిద్రించుచు ఆ దేశమంతయు తిరుగుచుందురు. మన యిండ్లలోని బిడ్డలు పెక్కుమంది అచ్చట నున్నందున, చూడబోయి వచ్చిన తల్లిదండ్రులు అట్టి బండ్లను వర్ణించుట మనకు క్రొత్త కాదు. ఆ వర్ణనలో వంటిల్లు వచ్చును, స్నానపుగది వచ్చును, మీట నొక్కగానే వెలుపలికి జరిగి గదిని విశాలము చేయు గోడ వచ్చును. రాని విషయమొకటి కలదు. ఆ బండి చెడినప్పుడు వారేమి చేయుదురు? మనము కారును మరమ్మతుకు విడిచి, ఆటోరిక్షా ఎక్కి ఇల్లు చేరుదుము. ఇల్లే బండియైనవారు దానిని కార్ఖానాలో విడిచి ఏ యిల్లు చేరవలెను?

కదలెడి కాపురముల చరిత్రను సౌఖ్యములను బట్టి వ్రాసినచో అది రాజులకథ యగును. మరమ్మతులను బట్టి వ్రాసినచో మరియొక చరిత్ర కనబడును. నాకు ఈ రెండవదే సత్యమునకు దగ్గరయని తోచుచున్నది.

ఈ దృష్టితో మన పట్టణచరిత్రను తిరుగవేయగా మొట్టమొదట ఎదురగునది ఏనుగుల వీరాస్వామయ్యగారి కాశీయాత్ర. వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ప్రధాన ద్విభాషి. పసితనమున తండ్రిని కోల్పోయి, పండ్రెండేండ్ల ప్రాయముననే కచేరీపని నేర్వ మొదలిడి, స్వశక్తిచే పైకి వచ్చినవారు. తెలుగు, అరవము, సంస్కృతము, ఇంగ్లీషు బాగుగా నెరిగినవారు. 1830వ సంవత్సరము మే నెల 18వ తేదీ మంగళవారము రాత్రి తొండయారుపేటలోని తమ తోటనుండి బయలుదేరి, తొలి మజిలీగా మాధవరము చేరిరి. మరల చెన్నపట్టణమున అడుగిడినది 1831 సెప్టెంబరు 3వ తేదీని. తిరుపతి, కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు, ప్రయాగ, కాశి, గయ, కలకత్తా, పూరీ, శ్రీకాకుళము, రాజమహేంద్రవరము, నెల్లూరు: స్థూలముగా ఇది వారి త్రోవ. పదునైదు నెలలకు పైగా ఆ కుటుంబమునకు గోడలు లేని యిల్లే యిల్లు. త్రోవపొడవునను కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ళగారను మిత్రునికి సంగతులన్నియు వ్రాసి తెలుపుచు వచ్చిరి. అయ్యగారు 1836లో పరమపదించిరి. పిళ్ళగారు ఆ వ్రాతలను కూర్చి 1838లో అచ్చు వేయించిరి. 1941లో దిగవల్లి వేంకటశివరావుగారు శ్రమపడి పరిష్కరించి మరల ప్రకటింపకుండినచో ఆ గ్రంథము మన తరమువారి చేతికి ఇంత సులభముగా అందియుండదు. తెలుగున తొలి యాత్రాగ్రంథములలో అగ్రస్థానము వహించిన ఈ పుస్తకము తొండయారుపేట గృహస్థునిది యగుట మన పట్టణపు తెలుగువారు గర్వింపదగిన విషయమే.

ఇంతకును ఆ కాపురమెట్టిది? బంధువులు, పరిజనము, బోయీలు అందరును కలిసి ఇంచుమించు నూర్గురు. చిన్న అగ్రహారమొకటి లేచి నడచిపోయినట్లే. కూర్చుండుటకును కునుకుటకును పల్లకి. సత్రముగాని ఇల్లుగాని దొరకనిచోట తలదాచుకొనుటకు గుడారము. కొంతదూరము గంగపై పడవ. ఆ గ్రంథమును క్షేత్రమాహాత్మ్యములకై చదువువారు కొందరు, నాటి దొరల పరిపాలనాపద్ధతులకై చదువువారు కొందరు. సంసారము నడుపువాని కన్నులతో చదివినచో అందు వేరొక రుచి కలదు. ఈ మజిలీలో నీరు మంచిదా? అంగళ్ళున్నవా? దిగుటకు స్థలమున్నదా? త్రోవ యిసుకయా, రాయియా, అడుసా? ఈ ప్రశ్నలకు ఊరూరను జవాబు వ్రాసి పెట్టిరి. వెనుక వచ్చువారికి ఉపకరింపవలెననునదే దీనిలోని యుద్దేశము. నేడు అమెరికాలో గదులబండివారు ఒకరికొకరు చెప్పుకొను సమాచారమును సరిగా ఇట్టిదే: నీరెచట పట్టుకొనవచ్చును, రాత్రి ఎచట నిలుపవచ్చును, ఏ దారిలో ఎత్తు తక్కువ వంతెన కలదు.

ఇచట గమనింపదగిన దొకటి కలదు. నాటి కదలెడి యింటిలో భాగములన్నియు వేరువేరు. నడకకు బోయీలు, నీడకు గుడారము, బరువునకు కావళ్ళును పశువులును, వంటకు మూడు రాళ్ళు. పల్లకిదండె బీటవారినచో గుడారమునకు లోపము లేదు. గుడారము చినిగినచో వంట ఆగదు. ఒక యెద్దు కుంటినచో దాని బరువును తక్కినవాటికి పంచవచ్చును. అనగా ఇంటిలో నొక భాగము మరమ్మతునకు పోయినను మిగిలిన యిల్లు నిలిచియే యుండెడిది. కాపురము కార్ఖానాకు పోవలసిన యగత్యము నాటివారికి కలుగలేదు. కార్ఖానాయే ఊరూరను వారికెదురు వచ్చెడిది.

ఆ కార్ఖానా యెట్టిదో పట్టణములలో పెరిగిన మన పిల్లలకు తెలియకపోవచ్చును గనుక ఇచట కొంచెము విస్తరింతును. ఏ మాత్రపు గ్రామమునందైనను వడ్రంగి యుండును, కమ్మరి యుండును. పల్లకిలోని బెత్తపుటల్లిక తెగినచో మేదరివాడు కలడు. గుడారము చినిగినచో సూదిదారములు చేతబట్టినవాడు కలడు. బండి విషయమున వారి విద్య మరింత ముచ్చటైనది. కొయ్యచక్రమునకు ఇనుపపట్టా తొడుగునప్పుడు పట్టా కైవారము చక్రపు కైవారముకంటె కొంచెము తక్కువగా చేయుదురు. చుట్టును పిడకలు పేర్చి పట్టాను ఎఱ్ఱగా కాల్తురు. కాలినకొలది ఇనుము సాగును. అంతట ఇద్దరు ముగ్గురు పట్టకారులతో దానిని ఎత్తి చక్రముపై దింపి, సుత్తులతో సరిచేసి, కొయ్య అంటుకొనకమునుపే నీళ్ళు పోయుదురు. చల్లారిన ఇనుము ముడుచుకొని ఆకులను, వంపుచెక్కలను, నడిమి దిమ్మను ఒక్కటిగా బిగియించును. మేకు లేకుండ, జిగురు లేకుండ, వేడియు చల్లదనమునే పనిముట్లుగా చేసికొన్న నేర్పిది. వేసవిలో కొయ్య యెండి కుదించుకొనగా పట్టా వదులగును. అప్పుడు చక్రములను చెరువునీట నానబెట్టుదురు. నానిన కొయ్య ఉబ్బి మరల బిగియును.

ఇరుసునకు కందెన మరియొక నిత్యకృత్యము. ఆముదములో గడ్డిమసి కలిపి చేసిన ఆ నల్లని ముద్దను వెదురుగొట్టములో నింపి బండిక్రింద వ్రేలాడదీసికొనువారు. కందెన తక్కువైన బండి త్రోవపొడవున కిర్రుమని యజమానుని పరువు తీయును. ఎద్దుల డెక్క చీలియుండుటచే ఒక్కొక్క కాలికి రెండేసి లాడములు కావలెను. నాలుగు కాళ్ళకు ఎనిమిది. ఎద్దును త్రాళ్ళతో పడవేసి, కాళ్ళు కట్టి, అరగంటలో ఎనిమిదియు కొట్టి లేపు నిపుణులు సంతలచెంత నుండెడివారు. గుడారమునకును తన బాధలు తనకు కలవు. వానకు తడిసిన త్రాళ్ళు బిగిసి గూటములను పెరికివైచును. కావున చినుకు పడిన రాత్రి ఎవరో యొకరు లేచి త్రాళ్ళు సడలింపవలెను. మరునాడు ఎండకు అవి వదులు కాగానే మరల బిగింపవలెను. తడిగుడారమును ఆరనీయక మడిచినచో బూజుపట్టి గుడ్డ చీకిపోవును. ప్రయాణము తొందరగా నున్నప్పుడే వాన కురియుటయు, గుడారము ఆరునంతవరకు కదలకూడకుండుటయు బాటసారులెల్లరు ఎరిగిన బాధయే.

ఈ వర్ణన చూచి, నాటికాలమంతయు సుఖమే యని పాఠకులు భ్రమపడరాదు. పల్లకికి ఇంజను మనుష్యుల భుజము. మే నెలలో బయలుదేరిన వీరాస్వామయ్యగారికి హైదరాబాదు దాటి నాగపూరుదిక్కునకు పోవు దినములలో వానకాలము తటస్థించినది. ఆ ప్రాంతమంతయు నల్లరేగడి. తడిసిన రేగడిలో ఒంటిమనిషి కాలు తీయుటయే కష్టము. భుజముపై పల్లకితో నడచువారి గతి ఊహింపదగినదే. చక్రము విరిగినచో వడ్రంగి కలడు. భుజము వాచినచో ఎవరు కలరు? నూనె మర్దనము, ఒకనాటి విశ్రాంతి, దొరికినచో క్రొత్త బోయీలు. అంతకుమించి వైద్యము లేదు. ఆ నూర్గురిలో బరువు మోసినవారి పేర్లు మన చరిత్రలో నిలువలేదు. వారి జాతిపేరు మాత్రము ఒక వింతచోట నిలిచినది. ఇంగ్లీషుదొరలు ఈ దేశమున పల్లకి మోయువారిని ‘బాయ్’ అని పిలిచెడివారు. పిల్లవాడను అర్థముగల తమ మాటయే యని చాలమంది యనుకొనిరి గాని, 1886లో వెలువడిన హాబ్సన్–జాబ్సన్ నిఘంటువు, పల్లకి మోయువారి విషయమున అది ‘బోయీ’ అను మన మాటనుండి వచ్చినదని తెలుపుచున్నది.

వీరాస్వామయ్యగారు పోయిన నలుబది యేండ్లకు చెన్నపట్టణమునుండి ఉత్తరముగా మరియొక త్రోవ సిద్ధమైనది. అది నీటిత్రోవ. 1806లో చెన్నపట్టణమునుండి ఎన్నూరుదాక త్రవ్వబడిన చిన్న కాలువ క్రమముగా పులికాటువైపు, అచటనుండి నెల్లూరుసీమలోనికి సాగినది. 1876 మొదలు దక్షిణదేశమును పీడించిన ధాతకరవులో, ఆకలిగొన్న జనమునకు కూలి కల్పించుటకై ప్రభుత్వమువారు పట్టణములోపల కూవమునకును అడయారునకును నడుమ కాలువ త్రవ్వించిరి. నాటి గవర్నరు పేర దానికి బకింగుహాము కాలువ యని నామకరణమైనది. పెదగంజాము మొదలు తమిళసీమ మరక్కాణమువరకు సుమారు 420 కిలోమీటర్ల పొడవు. పెదగంజామునొద్ద కృష్ణాడెల్టా కాలువలతో కలియుటచే, కృష్ణ గోదావరి కాలువల మీదుగా కాకినాడ పడవ చెన్నపట్టణపు బేసినుబ్రిడ్జికి చేరగలిగెను. మన తాతలనాట ఉత్తరాదినుండి బియ్యము, కట్టెలు, ఉప్పు వచ్చిన దారి యిది.

పడవసరంగునకు పడవయే యిల్లు. గాలి అనుకూలించినచో తెరచాప, లేనిచో గెడ, అదియు చాలనిచో గట్టుపై నడచుచు త్రాడు లాగుట. లాకులయొద్ద వంతు వచ్చువరకు ఆగుట. పొయ్యి పడవలోనే, పడకయు పడవలోనే. ఇచట మన ప్రశ్న మరల తలయెత్తుచున్నది. పడవ మరమ్మతనగా దానిని గట్టెక్కించుట. కొయ్యపలకల సందులలోని పాతనార పెరికి, క్రొత్తనార కుక్కి, గుగ్గిలము కాచి పూసి ఆరనీయవలెను. ఇది గుడారమువలె విడిభాగము కాదు. ఇల్లంతయు ఒడ్డున బోర్లపడియుండును. అన్ని నాళ్ళును సరంగు కాపురము గట్టుమీది చెట్టుక్రిందనే. ఇంటినంతటిని మరమ్మతునకు అప్పగించి తాను వెలుపల నిలుచుట అను అవస్థ మన చరిత్రలో ఇచట స్పష్టముగా కనబడుచున్నది. అయినను మరమ్మతు చేయువాడు సరంగు కనులయెదుటనే, అతనితో మాటలాడుచు పనిచేసెడివాడు. పలుమారు సరంగే నార కుక్కెడివాడు. లారీల పోటీచేతను, తుఫానుల దెబ్బచేతను 1960 తరువాత ఆ రాకపోకలు సన్నగిల్లినవి. పట్టణములో ఆ కాలువమీదనే 1990 తరువాత ఎత్తురైలునకు స్తంభములు నాటబడినవి. 2008లో కాకినాడ–పుదుచ్చేరి కాలువలను నాలుగవ జాతీయ జలమార్గముగా ప్రకటించిరి గాని మైలాపూరునొద్ద ఆ కాలువను చూచినవారు దానిపై పడవ నడచునని నమ్ముట కష్టము.

ఇక కళాకారుల సంచారము. 1910 ప్రాంతమున మౌంటురోడ్డున ఛాయాచిత్రములు తీయు వృత్తిలోనున్న రఘుపతి వెంకయ్యగారు, బందరునుండి వచ్చి ఇచట స్థిరపడిన తెలుగువారు, ‘క్రోనోమెగాఫోను’ అను యంత్రమును విదేశమునుండి తెప్పించిరి. ముప్పదివేల రూపాయలు పెట్టిరని చెప్పుదురు. బొమ్మ ఒక యంత్రమున, ధ్వని వేరొక పలకమీద; రెండింటిని ఒకే వేగమున నడపినచోనే బొమ్మ పెదవి కదలికకు మాట సరిపోవును. ఇట్టి సుకుమారమైన యంత్రమును గుడారముతోపాటు వెంటగొని ఆంధ్రదేశము, బెంగుళూరు తిరిగి, సముద్రము దాటి బర్మాకును సింహళమునకును పోయిరి. ఇచట చరిత్ర మలుపు తిరిగినది. గుడారమును ఏ యూరి దర్జీయైనను కుట్టును. క్రోనోమెగాఫోనును ఏ యూరి కమ్మరి బాగుచేయగలడు? త్రోవలోని చేతులకు తెలియని యంత్రము మొదటిసారిగా తెలుగువాని గుడారములో ప్రవేశించినది. దానిని నడపువాడే దాని వైద్యుడును కావలసివచ్చెను. వెంకయ్యగారు తరువాత మౌంటురోడ్డున గెయిటీ థియేటరు కట్టి స్థిరవాసము చేసిరి. మన చలనచిత్రపితామహునిగా ఆయనను గౌరవించుచున్నాము. అంతకుముందటి సంచారదశ గూడ గౌరవింపదగినదే.

జన్మమంతయు త్రోవలోనే గడపినవారు సురభివారు. వీరి నివాసము చెన్నపట్టణము కాదు. 1885లో కడపమండలమున సురభి యను గ్రామమందు, పెండ్లిలో కీచకవధ యాడి నాటకమునకు దిగిన ఈ కుటుంబములు అంతకుముందు తోలుబొమ్మలాడించినవారు. వనారస గోవిందరావుగారు వారికి మూలపురుషుడు. పుట్టుట, బడి, పెండ్లి, పురుడు సమస్తమును నాటకపుడేరాలచుట్టునే. సురభి కమలాబాయిగారు తల్లి వేషమున నున్నప్పుడు రంగస్థలముపైననే జన్మించిరని ప్రతీతి. ఆమెయే 1932లో మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో నటించిరి. మరమ్మతు విషయమున వీరు మేటి. తెర చినిగినచో కుట్టువాడు రాత్రికి రాజవేషము కట్టును. ఉయ్యెలవలె గాలిలో తేలు నారదుని తంతి బిగించువాడు ఆ నారదుని అన్నయే. వడ్రంగము, రంగులద్దుట, దీపముల పని, కుట్టుపని, అన్నియు ఇంటివారివే. కార్ఖానాను కుటుంబములోనే ఇముడ్చుకొన్న కదలెడి కాపురము ఇదొక్కటే యని నా యెరుక. ఆ కుటుంబములలో పెక్కు నేడు హైదరాబాదులో శేరిలింగంపల్లి సురభికాలనీలో స్థిరపడినవి.

ఇటు చెన్నపట్టణమున కార్ఖానా మరియొక దారి పట్టినది. 1840లో స్థాపితమైన సింప్సను కంపెనీ పల్లకీలు, గుఱ్ఱపుబండ్లు చేయుచు మౌంటురోడ్డున వృద్ధిచెందినది. 1903లో ఆవిరికారు నొకదానిని నిర్మించి ఈ దేశమున మొదటిదను కీర్తి పొందినది. తరువాత వారు నిర్మించిన ఆవిరిబస్సు నడచినది తెలుగుసీమలోనే, బెజవాడ బందరుల నడుమ. పెరంబూరున 1856 నాటినుండియు రైలుపెట్టెల కార్ఖానా కలదు; 1955 అక్టోబరు 2న నెహ్రూగారు అచటనే ఇంటెగ్రలు కోచిఫ్యాక్టరీని ప్రారంభించిరి. రైలుపెట్టె ఏ యూరిలో ఎంత తిరిగినను నిర్ణీతకాలమునకు కార్ఖానాకు వచ్చి, విప్పబడి, పరీక్షింపబడి పోవలెను. పెరంబూరు, అయనావరముల తెలుగు కుటుంబములలో ఈ పనికి జీవితము ధారపోసినవారు పెక్కుమంది. కమ్మరి ఊరూరను ఉండుట పోయి, బండియే కమ్మరిని వెదకికొని వచ్చు కాలము వచ్చినది. ఇది నష్టమని యనజాలము. బోయీ భుజము విశ్రమించినది గదా! కాని బాటసారి ఒక స్వాతంత్ర్యమును కోల్పోయెను.

అమెరికావారి గదులబండిలో ఆ నష్టము పరాకాష్ఠ నందినది. విన్నెబేగో వంటి సంస్థలు 1966 ప్రాంతమునుండి ఇట్టి మోటారుగృహములను వరుసగా తయారుచేసి అమ్ముచున్నవి. సాధారణముగా అడుగుచట్రము, ఇంజను ఒక కంపెనీవి. పైనున్న గృహభాగము వేరొక కంపెనీది. లోపలి చలువపెట్టె, గ్యాసుపొయ్యి, విద్యుద్యంత్రము ఇంకొందరివి. ఇంజను చెడినచో లారీలు బాగుచేయువారియొద్దకును, కప్పు కారినచో గృహభాగమును బాగుచేయువారియొద్దకును పోవలెను. ‘ఇది మా పని కాదు’ అని యొకరు మరియొకరిని చూపుట మామూలు. కప్పు అతుకులలోని జిగురుపూత ఎండకు బీటలు వారును. ఏటికొకటి రెండుమారులు పైకెక్కి చూడకున్నచో నీరు గోడలోనికి దిగి కొయ్యను కుళ్ళజేయును. మన పెంకుటిండ్లవారు తొలకరికిముందు కప్పు నేయించుటయు దీనికొరకే. వాడిననీటి తొట్టి, మంచినీటి తొట్టి, బ్యాటరీలు, కాలము మీరి గట్టిపడిన చక్రములు, ఒక్కొక్కదానికి ఒక్కొక్క గడువు.

పనికి బండినిచ్చిన కుటుంబము కొన్ని కార్ఖానాలలో ఆవరణమందే, రాత్రివేళ తమ బండిలో నిద్రింప అనుమతి పొందును. ఉదయము ఎనిమిదింటికి మెకానిక్కు వచ్చునప్పటికి పక్కలు మడిచి, గిన్నెలు కడిగి, కుక్కపిల్లను చంకనిడుకొని వెలుపలికి రావలెను. సాయంకాలమునకు విడిభాగము రాలేదని చెప్పుదురు. అది రెండుదినములకు రావచ్చును, రెండువారములకు రావచ్చును. అంతవరకు పూటకూళ్ళయింటిలోనో, బంధువులయింటిలోనో ఉండవలెను. బకింగుహాము కాలువగట్టున చెట్టుక్రింద కూర్చున్న సరంగును వీరు పోలియున్నారు. ఒక్క భేదము, నార కుక్కుట వీరి చేతిలో లేదు. ఇందుచేతనే అచట సంచిలో పనిముట్లు వైచికొని, బండి నిలిచిన తావునకే వచ్చి బాగుచేయు మెకానిక్కులకు గిరాకి పెరిగినది. వీరిని మన యూరి వడ్రంగి కమ్మరులకు తమ్ములనవచ్చును.

మన దేశమున ఇట్టి బండ్లు ఇంకను వినోదమాత్రములే. 2021లో కేరళప్రభుత్వము యాత్రికులకై కారవానులను ప్రోత్సహించు విధానమును ప్రకటించినది. తెలుగువారికి కారవానను మాట కోడంబాకమువారి మూలమున తెలిసినది. తారలు చిత్రీకరణల నడుమ విశ్రమించు బండికది పేరు. ఆ బండిలో రాత్రి కాపురము లేదు గనుక అది మన లెక్కలోనికి రాదు. చక్రములపై నిజముగా కాపురముండువారెవరని వెదకినచో లారీ డ్రైవరును, అతని క్లీనరును కనబడుదురు. నెలకు పెక్కుదినములు వారి పడక లారీముందు అరలోనే, వంట ప్రక్కనున్న పెట్టెలోని స్టవ్వుపైననే. వీరికి మన దేశము సమకూర్చిన కార్ఖానాలు చూడదగినవి. పాతభాగములకు చెన్నపట్టణమున పుదుపేట. లారీ కొయ్యకట్టుబడికి నామక్కలు. బస్సుల కట్టుబడికి కరూరు. తెలుగునాట బెజవాడ ఆటోనగరు. ఆటోనగరులో ఒక వీథిలో కమానుకట్టలు సవరింతురు, ప్రక్కవీథిలో రేడియేటరు అతుకుదురు, ఇంకొకచోట సీట్లు కుట్టుదురు, వేరొకచోట రంగు వేయుదురు. లేని భాగమును లేతుయంత్రముపై అప్పటికప్పుడే చేసి తగిలింతురు. పరదేశపు కార్ఖానాలో రెండువారములు వేచియుండవలసిన భాగము ఇచట సాయంకాలమునకు సిద్ధమగుట కలదు. ఎంతకాలము నిలుచునను ప్రశ్న వేరు. లారీ లేచి బియ్యపులోడు ఎత్తుకొనునంతవరకు డ్రైవరు దాని నీడనే కూర్చుండి, మెకానిక్కునకు టీ తెప్పించి యిచ్చుచు, పని చూచుచుండును.

వీరాస్వామయ్యగారి తొలి మజిలీయైన మాధవరము నేడు పట్టణములో కలిసిపోయినది. కలకత్తా రోడ్డునకు పోవు లారీలు నిలుచుటకు అచట పెద్ద ఆవరణము కలదు. 2018 అక్టోబరునుండి ఆంధ్రదేశమునకు పోవు బస్సులు కొన్ని మాధవరపు బస్సునిలయమునుండియే కదలుచున్నవి. పండుగలకు నెల్లూరు, తిరుపతి, బెజవాడ పోవు మన కుటుంబములు అక్కడ బస్సుకై వేచియుండును. రోడ్డుప్రక్కన పంక్చరు వేయువారి కొట్లు, కమానులు బిగించువారి షెడ్లు బారులు తీరియుండును. లారీక్రింద ఒకడు వెల్లకిల పరుండి సుత్తి అందుకొనుచుండ, దాని ప్రక్కనే మరియొకడు స్టవ్వుపై అన్నపుగిన్నె మూతదీసి చూచుచుండును.